పర్ణశాల సరిహద్దున అన్నపానములు

మన యాత్రాగ్రంథములలో దేవాలయముల వర్ణన మెండు. ఆ దేవాలయముల చుట్టునున్న జనులు ఏమి తినుచున్నారు, ఏమి త్రాగుచున్నారు, అతిథికి ఏమి పెట్టుచున్నారు అను విచారణ తక్కువ. భద్రాచల యాత్రకు పోయినవారు మఱునాడు పర్ణశాలకు పోయి, రాతిమీది చారలను చూచి, సీతమ్మవారికి మ్రొక్కి మరలివచ్చుట వాడుక. వేసవి మొదట పోయినవారు దారిప్రక్కను ఎండబోసిన ఇప్పపూవును చూచి "ఇది సారా పూవు" అని మొగము త్రిప్పుకొనుటయు వాడుకయే. ఆ పూవునకును, ఆ సీమ ఎల్లలకును, అచటి దొరతనముల రాబడికిని గల సంబంధమును చదువరులకు తెలుపుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము. మద్యపానమును నిరసించుట సంస్కారప్రియులగు మన కుటుంబములకు సహజము. ఆ నిరసన ఎవరిమీద పడవలెనో నిర్ణయించుటకు ముందు చరిత్ర కొంత తెలిసియుండుట మేలు.

మొదట ఒక పోలిక. ఐరోపాఖండమున ఫ్రాన్సు, జర్మనీ దేశముల నడుమ ఆల్సాసు అను చిన్న సీమ కలదు. 1871లో అది జర్మనీకి పోయెను. మొదటి ప్రపంచ సంగ్రామము ముగిసిన పిదప ఫ్రాన్సునకు వచ్చెను. 1940లో మరల జర్మనీ వశమై, రెండవ సంగ్రామాంతమున మరల ఫ్రాన్సును చేరెను. ఒక్క ముసలివాడు తన జీవితకాలమున ఇల్లు కదలకయే నాలుగు మాఱులు దొరతనము మాఱుట చూచియుండవచ్చును. అచటి కొల్మారు మొదలగు చిన్న పట్టణములకు నేడు లోకమంతటినుండి యాత్రికులు పోవుచున్నారు. జర్మను పోలికగల యిండ్ల నడుమ ఫ్రెంచి మాటలు వినుచు, పులియబెట్టిన క్యాబేజీ కూరను తినుచు, ఆ కొండవాలులలో పండిన ద్రాక్షల ఆసవమును పొగడుచు పుస్తకములు వ్రాయుచున్నారు. రెండు జాతుల కలహమునకు గుఱియైన నేల రెండు జాతుల వంటకములకు పుట్టినిల్లైనదని మెచ్చుకొనుచున్నారు. అట్టి మెప్పునకు తగిన చోటు మన తెలుగునేలలోను ఉన్నది. ఐనను అచటి వంటను మనము వంటగా లెక్కింపలేదు. అచటి పానీయమునకు నేరమను పేరు తప్ప వేఱు పేరు పెట్టలేదు.

పర్ణశాల గోదావరి యెడమగట్టున, భద్రాచలమునకు ఎగువను, ఇంచుమించు 35 కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెము మండలమున నున్న చిన్న గ్రామము. అరణ్యవాసమున సీతారామలక్ష్మణులు ఇచటనే ఆకుటిల్లు కట్టుకొనిరనియు, ఇచటినుండియే రావణుడు సీతమ్మను అపహరించెననియు స్థలపురాణము. సీతమ్మ స్నానమాడిన వాగనియు, ఆమె నారచీరలు ఆరవేసిన రాయనియు, పసుపుకుంకుమల గుఱుతులనియు స్థానికులు చూపుదురు. పంచవటి నాసికయందున్నదని మహారాష్ట్రులు చెప్పుకొందురు. ఈ వివాదమును తీర్చుట నా పని కాదు. సంస్కృతము చదువుకొన్నవాడనగుటచే నాకు ముఖ్యముగా తోచిన అంశము వేఱొకటి. వాల్మీకి అరణ్యకాండమున అగస్త్యమహర్షి రామునకు పంచవటికి దారి చెప్పుచు, మొదటి గుఱుతుగా గొప్ప మధూకవనమొకటి కనబడునని చెప్పెను. మధూకమనగా మన ఇప్పచెట్టు. పంచవటి ఎచట నున్నను, దాని దారి ఇప్పతోపు మీదుగానే పోవుచున్నది. పర్ణశాల చుట్టుపట్ల అడవిలో నేటికిని ఇప్పచెట్టే ముఖ్యము.

ఇక ఎల్లల సంగతి. పర్ణశాలకు ఉత్తరమున అడవులు దాటినచో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బస్తరు సీమ. తూర్పున కూనవరమువద్ద గోదావరిలో కలియు శబరినది వెంబడి పైకి పోయినచో ఒకవంక కుంట, వేఱొకవంక ఒడిశాలోని మల్కనగిరి ప్రాంతము. దక్షిణమున గోదావరి కావలిగట్టు పూర్వము నిజాము రాజ్యము. గోదావరిమీద ఆవిరి పడవలు నాగపురపు సీమలవఱకు నడపవలెనను ఆశతో ఆంగ్లేయులు 1860 నాటి సంధిలో ఎడమగట్టు తాలూకాలను నిజామునుండి పుచ్చుకొనిరి. పిమ్మట నేర్పడిన మధ్యపరగణాలలో, సిరొంచ ముఖ్యపట్టణముగా గల ఎగువ గోదావరి జిల్లాలో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను చేర్చిరి. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తిచేసిన కాటనుదొర తలంపునుండి పుట్టిన యీ నౌకాయాన ప్రయత్నమునకు గుఱుతుగా దుమ్ముగూడెమువద్ద అడ్డుకట్టయు, కాలువయు నిర్మింపబడెను. 1871లో ప్రభుత్వము ఆ పనులను నిలిపివేసెను. పడవల ఆశ పోయెను గాని దానికొఱకు గీచిన ఎల్ల మిగిలెను.

ఆ తరువాత 1874లో ఈ తాలూకాలను మధ్యపరగణాలనుండి తీసి చెన్నపురి రాజధానిలోని గోదావరి జిల్లాకు చేర్చిరి. 1925లో జిల్లా విడివడగా తూర్పుగోదావరి జిల్లాలో నుండెను. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడినవి. 1959లో భద్రాచల ప్రాంతమును ఖమ్మము జిల్లాలో కలిపిరి. 1965లో భద్రాచలమువద్ద గోదావరిమీద వంతెన వచ్చువఱకు కావలిగట్టునకు పడవయే దిక్కు. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినపుడు, పోలవరపు జలాశయము నిమిత్తమై చుట్టునున్న పెక్కు గ్రామములు ఆంధ్రప్రదేశమునకు పోయెను. భద్రాచల పట్టణమును దుమ్ముగూడెము మండలమును తెలంగాణమున మిగిలెను. 2016లో జిల్లా పేరు భద్రాద్రి కొత్తగూడెమయ్యెను. నేడు భద్రాచలమునుండి పర్ణశాలకు పోవువాడు తెలంగాణమున బయలుదేరి, నడుమ కొంతదూరము ఆంధ్రప్రదేశపు ఊళ్లు దాటి, మరల తెలంగాణమున దిగును. ఆల్సాసు ముసలివాని సామ్యము ఈ సీమ ముసలివారికి ఏమాత్రమును తక్కువగా సరిపోదు.

ఇన్ని మార్పుల నడుమ ఇచట నివసించు జనులెవరు? మొదటివారు కోయలు. వారి భాష ద్రావిడభాష, గోండీకి చేరువైనది. పెక్కుమంది తెలుగును కూడ సొంతభాషవలెనే మాటలాడుదురు. కొండరెడ్లు, నాయకపోడులు, లంబాడీలు, బస్తరునుండి వచ్చిన గొత్తికోయలు, తీరాంధ్రమునుండి భూములకొఱకు వచ్చిన రైతులు, వర్తకము చేయు ముసల్మానులు, ఒడియా, హల్బీ మాటలాడువారు అందఱును ఈ సీమ సంతలలో కలియుదురు. ఈ జనులను గుఱించి మొదట వివరముగా వ్రాసినవారిలో దుమ్ముగూడెపు క్రైస్తవమిషనులో పనిచేసిన జాన్ కెయిన్ అను ఫాదరీ ఒకడు. 1876 మొదలుకొని "ఇండియన్ ఆంటిక్వెరీ" పత్రికలో భద్రాచలము, రేకపల్లి తాలూకాల జనుల ఆచారములను ఆతడు ప్రకటించెను. 1940 ప్రాంతమున కొండరెడ్ల నడుమ నివసించిన హైమెండార్ఫు పండితుడు వారినిగూర్చి ఒక గ్రంథమే వ్రాసెను.

సంతలో భాషలు కలిసినట్లే కుండలోను రుచులు కలిసినవి. జొన్న, సామ, కొఱ్ఱ, చోడి ధాన్యముల అంబలి కోయల పాతతిండి. వానకాలమున వెదురు కొమ్ములు, అడవి దుంపలు, పుట్టగొడుగులు. వేసవిని తునికి పండ్లు, మొఱ్ఱి పండ్లు, పాలపండ్లు, ఈతపండ్లు. మామిడి టెంకలోని జీడిని కోసి, నీటిలో నానబెట్టి, వగరు పోవువఱకు కడిగి అంబలి కాచుకొనుట కఱవునాటి ఉపాయము. కొండరెడ్లు జీలుగుచెట్టును నఱికి, దాని మానులోని గుజ్జునుండి పిండి తీసి రొట్టె కాల్చుకొందురు. ఆ చెట్టే బ్రతికియున్న యెడల కల్లు నిచ్చును. బస్తరునుండి వచ్చినవారు ఎఱ్ఱచీమలను గ్రుడ్లతో నూఱి పుల్లని పచ్చడి చేయుదురు. తీరమునుండి వచ్చిన రైతు మిరపపంటను తెచ్చెను. ఆ మిరప కోయుటకు బస్తరునుండి కూలీలు వచ్చుచుందురు. తిరిగి పోవునపుడు వారి మూటలలో మిరప కూడ పోవుచుండును. అందఱికిని విస్తరి అడ్డాకే. ఈ వంటలో ఏది తెలుగు, ఏది కోయ, ఏది బస్తరుది అని విడదీయుట పటము గీయువారికి గూడ కష్టము.

వీటన్నిటికి నడుమనున్నది ఇప్ప. చైత్రమాస ప్రాంతమున చెట్టు ఆకు రాల్చి పూయును. కండగల తెల్లని పూరేకులు తెల్లవాఱుజామున రాలును. స్త్రీలును పిల్లలును చెట్టుక్రింది నేలను ముందే శుభ్రము చేసియుంచి, ఎండ యెక్కకమునుపే గంపలతో ఏఱుకొందురు. ఎండినపుడు అది కిసిమిసి పండువలె ముడుచుకొని గోధుమవన్నెకు వచ్చును. ఎండిన పూవు బరువులో ఇంచుమించు సగము చక్కెరయే. కొన్ని వారములకు కాయలు పండగా, వాని గింజలనుండి నూనె తీయుదురు. దీపమునకును, కూరకును, ఒంటికిని అది యొక్కటే నూనె. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి మధుకా లాంగిఫోలియా అని పేరిడుటలో మన మధూకశబ్దమే నిలిచినది.

సంస్కృత సాహిత్యమున ఈ పూవునకు గౌరవస్థానమున్నది. కుమారసంభవమున పార్వతీదేవిని పెండ్లికూతును చేయునపుడు కాళిదాసు ఆమె కొప్పున గఱికతో కూర్చిన మధూకమాలను అలంకరించెను. రఘువంశమున ఇందుమతి స్వయంవరమునకు వచ్చునపుడు ఆమె చేతిలోని దండయు మధూకములదే. మఱొకవైపున మనుస్మృతి సురను మూడు విధములుగా చెప్పి, అందొకదానికి మాధ్వి అని పేరిడెను. అది ఇప్పపూవునుండి తీసినదని వ్యాఖ్యాతలలో కొందఱు చెప్పిరి. పెండ్లికూతు కొప్పునను, నిషేధపు పట్టికలోను ఒక్క పూవే యుండుట గమనింపదగినది. పూవు నేరము చేయలేదు. దానిని ఎవరు, ఎప్పుడు, ఎంత, ఎందుకు వాడిరి అన్నదే ప్రశ్న.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పాఠశాల విద్యార్థులతో పర్ణశాలకు పోయినపుడు, దారిలో నొక గూడెమున ఒక ముసలమ్మ చాపమీద పూవు ఆరబోయుచుండెను. "అవ్వా, ఇదంతయు సారాకేనా?" అని మా పిల్లవాడొకడు అడిగెను. ఆమె నవ్వి, "అందరు అట్లనే అనుకుంటరు బిడ్డా. పులుసుల ఏసుకుంటం, ఏపుకొని తింటం, పశువులకు పెడతం. కరువొస్తే ఇదే కూడు. పండగకు కొంత సారా. ముందు తిండి, తర్వాతనే సారా" అని చెప్పి, దోసెడు పూవు వాని చేతిలో పోసెను. పిల్లలందఱును తిని, తీయగానున్నదనిరి. ఆమె చెప్పిన వరుసను గుఱుతుంచుకొనుడని పాఠకులను కోరుచున్నాను. ప్రభుత్వపు లెక్కలలో ఆ వరుస తలక్రిందులయ్యెను.

లెక్కల సంగతికి పోవుటకు ముందు అతిథిమర్యాదను గుఱించి ఒకమాట. ఈ సీమ పురాణములన్నియు అన్నము పెట్టిన కథలే. నదికి పేరిచ్చిన శబరి రామునకు అడవిపండ్లు పెట్టెను. ఆమె కొఱికి రుచిచూచి పెట్టెనను ముచ్చట వాల్మీకమున లేదు. భక్తులు పిమ్మట కల్పించుకొన్నది. ఆ కల్పన ఏమి కోరినది? ఎంగిలి అను అడ్డు తొలగవలెనని కోరినది. భద్రాచల స్థలపురాణమున పోకల దమ్మక్క అను కోయస్త్రీకి పుట్టలో రాముని విగ్రహములు దొరకెననియు, ఆమె తాటిపండు నైవేద్యము పెట్టుచుండెననియు చెప్పుదురు. తరువాత గోలకొండ తానీషా కొలువులో పాల్వంచ పరగణా తహసీలుదారుగానుండిన కంచెర్ల గోపన్న గుడి కట్టించి, ప్రభుత్వధనమును వినియోగించెనను నేరమున చెఱ ననుభవించెను. శ్రీరామనవమినాడు ప్రభుత్వమువారు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము తానీషా కాలమునుండి వచ్చినదని ప్రసిద్ధి. కోయస్త్రీ తాటిపండును, బ్రాహ్మణోద్యోగి గుడియును, ముసల్మాను నవాబు ముత్యములును ఒక్క కథలో చేరిన చోటు ఇది. ఈ కథను పాడుకొను మనము, తాటిపండు పెట్టిన చేయి తాటికల్లు ఇచ్చినపుడు మాత్రము దానిని అనాగరికమనుచున్నాము.

కోయల పెండ్లిండ్లలోను, పండుగలలోను, చావుకర్మలలోను, పంచాయితీ తీర్పులలోను కల్లు గాని ఇప్పసారా గాని యుండవలసినదే. త్రాగుటకు ముందు పెద్దల పేర కొన్ని చుక్కలు నేలమీద విడుచుదురు. సొరబుఱ్ఱతో ముంచి ఆకుదొప్పలలో పోయుదురు. దానికి ఋతువు కలదు, పూట కలదు, పంక్తి కలదు. ఒంటరిగా అంగడిమెట్టుమీద కూర్చుండి త్రాగుట ఆ వ్యవస్థలోనిది కాదు. ఇట్లనుటచే ఆ పానము హానిలేనిదని నేను చెప్పుటలేదు. హానికి కొలత యుండెననియు, ఆ కొలతను ఊరు నిర్ణయించుచుండెననియు మాత్రమే చెప్పుచున్నాను.

ఆ కొలతను ఊరిచేతినుండి లాగికొన్నది అబ్కారీ. 1879 నాటి రంప పితూరీకి ముఖ్యకారణములలో నొకటి కల్లుపన్ను అని గోదావరి జిల్లా చరిత్ర చదివినవారికి తెలియును. కొండజనులు తమ యింటి వాడుకకు చెట్టునుండి కల్లు దించుకొనుటయే క్రొత్త అబ్కారీ నిబంధనలచే నేరమయ్యెను. కల్లు రాబడిని గుత్తదారులకు కౌలు కిచ్చిరి. చిగురుపన్ను అను పేర వారివలనను మన్సబ్‌దారువలనను జనులు పడిన బాధలు మితిమీఱెను. తన పెరటి చెట్టు కల్లు తాను త్రాగుటకు పైవానికి పన్ను కట్టవలసివచ్చిన వాని మనస్సును ఊహింపుడు. ఆ మార్చిలో చోడవరపు వైపున మొదలైన తిరుగుబాటు విశాఖపట్టణపు గొలుగొండకును, మన భద్రాచల తాలూకాలోని రేకపల్లి సీమకును ప్రాకెను.

రేకపల్లి చేరుటకు వేఱొక కారణము కూడ నుండెను. అది ఎల్లల మార్పునకు సంబంధించినది. మధ్యపరగణాలలో నున్నపుడు పోడు వ్యవసాయమునకు గొడ్డలికి నాలుగణాల చొప్పున స్వల్పమైన పన్ను మాత్రమే యుండెడిది. 1874లో చెన్నపురి ప్రభుత్వము క్రిందికి వచ్చిన పిమ్మట ఆ భారము దాదాపు మూడు రెట్లయ్యెను. కొన్ని అడవులలో చెట్టు కొట్టుటయే నిషిద్ధమయ్యెను. కొండ కదలలేదు, గొడ్డలి మాఱలేదు. దూరమున ఎచటనో ఒక జిల్లాపేరు మాఱుటచే ఒక కుటుంబము కట్టవలసిన పన్ను పెరిగెను. 1880 నాటికి పితూరీ చాలవఱకు అణగెను. రంప మన్సబ్‌దారును తొలగించి, ప్రభుత్వము ముఠాదారులతో నేరుగా ఒడంబడికలు చేసికొనెను. 1886లో చెన్నపురి అబ్కారీ చట్టము వచ్చెను. బొంబాయి ప్రభుత్వము 1892లో ఠాణా, కొలాబా జిల్లాల నిమిత్తము మహువా చట్టము చేసి, ఇప్పపూవును సేకరించి నిలువయుంచుకొనుటనే నిర్బంధమునకు లోబఱచెను. సముద్రముదాటి వచ్చిన దొరతనమునకు ఒక అడవిపూవుమీద చట్టము చేయవలసినంత రాబడి అందు కనబడెనన్నమాట.

పర్ణశాల సీమకు ఈ గతి మఱింత విచిత్రముగా పట్టెను. 1948వఱకు ఎడమగట్టున చెన్నపురి అబ్కారీ, కుడిగట్టున నిజాము అబ్కారీ, ఉత్తరపు అడవిలో బస్తరు సంస్థానపు కట్టుబాట్లు. చెట్టు ఒక్కటే, పూవు ఒక్కటే, చుట్టరికములు ఒక్కటే. ఏటికి ఆవలనున్న మేనమామ పెండ్లికి కుండ తీసికొనిపోవువాడు దొంగరవాణాదారుడగుచుండెను. నేడును దొరతనములు మాఱెను గాని, ఒక్క బాటమీద రాష్ట్రమునకొక మద్యపు ధర, రాష్ట్రమునకొక నిబంధన యనునది పోలేదు. గుత్తదారుని దుకాణమునకు అనుమతిపత్రముండును. ముసలమ్మ కుండకు ఉండదు. దుకాణపు సీసా ఋతువు ఎఱుగదు, పండుగ ఎఱుగదు. బీడీ ఆకు కూలి చేతికి వచ్చిన దినముననే అది సిద్ధముగా నుండును.

మద్యపానమువలని దుఃఖము నిజమైనదని అంగీకరింపకపోయినచో ఈ వ్యాసము అసత్యమగును. త్రాగివచ్చిన భర్త కొట్టిన దెబ్బకు కోయస్త్రీ ఒడలు నొచ్చుటలో లోపములేదు. కూలి సొమ్ము అంగడిపాలైన యింట పిల్లవాడు బడికి ఆకలితో వచ్చుట ఉపాధ్యాయులు ఎఱిగినదే. ఈ దుఃఖమునకు విరుగుడు వెదకినవారు ఆ కొండలలోనే పుట్టిరి. 1922 మొదలు 1924వఱకు మన్యమున పోరాడిన అల్లూరి సీతారామరాజు, ఆయుధము పట్టుటకు ముందే, కల్లు మానుడనియు, తగవులను కోర్టులకు పోక పంచాయితీలలో తీర్చుకొనుడనియు కొండజనులకు బోధించెను. త్రాగుడు మానుటకును, గుత్తదారుని వదలించుకొనుటకును నడుమనున్న సంబంధమును ఆతడు ఎఱుగును.

ప్రభుత్వములు చేసిన ప్రయత్నములు వేఱు తీరున నడచెను. చెన్నపురి రాజధానిలో 1937లో సేలము జిల్లాయందు, 1938లో చిత్తూరు, కడప జిల్లాలయందు మద్యనిషేధము మొదలయ్యెను. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొను స్త్రీలు సారా అంగడిని మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకగా 1993 అక్టోబరున సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. ఖజానా రాబడిని వదలుకొనలేకపోవుట అందుకు ముఖ్యకారణము. నిషేధము వచ్చినపుడును పోయినపుడును నిర్ణయించినది రాజధాని. దూబగుంట స్త్రీలు తమ ఊరి అంగడిని తాము మూసికొన్న యధికారము మాత్రము చట్టముగా నిలువలేదు.

ఐనను గిరిజనసీమలకు ఒక దారి చట్టమునందే కలదు. 1975లో కేంద్రప్రభుత్వము గిరిజన ప్రాంతములలో వాణిజ్యముగా మద్యము అమ్ముటను మాన్పింపవలెననియు, గిరిజనులు తమ యింటి వాడుకకు సంప్రదాయపానీయము చేసికొనుటను నేరముగా పరిగణింపరాదనియు రాష్ట్రములకు సూచించెను. ఆ ముసలమ్మ చెప్పిన వరుసను ప్రభుత్వకాగితము మొదటిసారి అంగీకరించినది. 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టము ఇంకను ముందునకు పోయెను. షెడ్యూలుప్రాంతములలో మత్తుపదార్థముల అమ్మకమును, వాడుకను నిషేధించుటకు గాని, నియమించుటకు గాని గ్రామసభకును పంచాయతికిని అధికారముండవలెననియు, చిన్నతరహా అటవీ ఫలసాయము మీద స్వామ్యము వారికే యుండవలెననియు శాసించెను. మద్యమును మూయు అధికారమును, ఇప్పపూవుమీది హక్కును ఒక్క చట్టమునందే వచ్చినవి. సంస్కర్తకును గిరిజనునకును వైరములేదనుటకు ఇంతకు మించిన ప్రమాణము వేఱొకటి లేదు.

ఈ చట్టము వచ్చి దాదాపు మూడు దశాబ్దములైనది. అది నిజముగా అమలగుట గ్రామసభ చేతిలో ఉన్నది. గ్రామసభలో స్త్రీలు మాటలాడగలుగుట మఱింత ముఖ్యము. ఊరి స్త్రీలు దుకాణము వలదన్ననాడు, రాబడి పోవునను నెపమున దానిని నిలుపుటకు ఏ రాష్ట్రమునకును న్యాయముండదు. పండుగకు కుండెడు ఇప్పసారా ఉండవలెనా వలదా యనునది కూడ వారే తేల్చుకొందురు. బయటినుండి వచ్చిన మనము వారికి బోధింపదలచినచో, మొదట మన పట్టణముల ఖజానాలు ఏ సీసాలవలన నిండుచున్నవో విచారించుకొనవలెను.

ఇటీవల వేఱొక గాలి వీచుచున్నది. మధ్యప్రదేశ ప్రభుత్వము 2021లో ఇప్పసారాకు వారసత్వమద్యమని పేరిడి అమ్మకమునకు తీసికొనివచ్చు విధానమును ప్రకటించెను. ఫ్రాన్సువారు తమ ద్రాక్షాసవములకు ఊరిపేరు కాపాడుకొన్నట్లు మనవారు చేయుటలో తప్పులేదని కొందఱందురు. గౌరవము దక్కుట మంచిదే. కాని ఆల్సాసులో ద్రాక్షతోట రైతుది, పీపా రైతుది, పేరును రైతుదే. ఇచట పూవేఱునది కోయస్త్రీ, సీసాలో నింపునది వేఱొకడు, పేరు రాష్ట్రముది యైనచో, పాత గుత్తదారుడే క్రొత్త చొక్కా తొడిగి వచ్చినట్లగును. అంతకంటె మేలైన ప్రయత్నము ఆదిలాబాదు వైపు ఉట్నూరులో జరిగినది. అచటి గిరిజన స్త్రీలు ఇప్పపూవుతో లడ్డులు చేసి అమ్ముచున్నారు. పూవు ముందు తిండి యనునది వారు ఉపన్యాసము లేకయే నిరూపించుచున్నారు.

పర్ణశాలకు పోవు సోదరీసోదరులను నేను కోరునది స్వల్పము. ఫాల్గుణ చైత్రములలో పోవుడు. గోదావరిలో స్నానము చేయుడు, సీతమ్మవారిని దర్శింపుడు. తిరిగి వచ్చునపుడు సంతలో ఆగి, ఇప్పపూవు కొనుడు, సారపప్పు కొనుడు, చింతపండు కొనుడు. బేరమాడునపుడు ఆ పూవు తెల్లవాఱకమునుపు ఏఱినదని తలచుకొనుడు. ఇంటికి వచ్చి, వేయించి, నువ్వులును బెల్లమును కలిపి దంచి పిల్లలకు పెట్టుడు. అది యేమని పిల్లలు అడిగినపుడు, అగస్త్యుడు రామునకు దారిగుఱుతుగా చెప్పిన చెట్టు పూవని చెప్పుడు; దానిమీద పన్ను వేసిన దొరతనములకు ఎదురుతిరిగిన జనులుండిరని చెప్పుడు. సారా సంగతిని కూడ దాచవలదు. దాని హానియు, దాని అంగడిని తెఱచినవారి పేరును, మూయదగిన వారి పేరును కలిపి చెప్పినచో, మద్యనిషేధమును గుఱించి ఏ పాఠ్యపుస్తకమును నేర్పనంత వారు నేర్చుకొందురు.